రెండో పైపు

కాజీపేటలో ఎవరికీ రైలు వినపడదు.
యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్లు
వంటింటి గిన్నెలను వణికించి పోయినా
మా ఆయన ఒత్తిగిలడు.
గూడ్స్ గార్డు. ఆయన నిద్ర పట్టాల పక్కనే పెరిగింది.

లేపింది నా సముద్రం.

ముందుగదిలో నాలుగడుగుల అద్దాల పెట్టె.
ఉప్పు సంచుల లెక్కన కొని
ఆర్వో నీళ్లలో బకెట్టుకు ఇన్ని గరిటెలని కలిపి
నెలల తరబడి నేను పోసుకున్న సముద్రం.
రెండు నారింజ చేపలు,
గోరంత నుంచి అరచెయ్యంత అయిన పగడం,
రాతితోపాటు దాక్కుని వచ్చి
ఒక్కసారీ ముఖం చూపని రొయ్య.

పై నీళ్లు అంచు దాటి పైపులో పడి
కింది తొట్టికి దిగాలి.
మోటారు మళ్లీ పైకి తొయ్యాలి. అంతే.
కానీ ఆ దిగడం ఉంది చూశారూ,
గుడగుడ, ఆగి, గుళుక్, మళ్లీ గుడగుడ,
ఎవరో ముసలాయన నోట్లో నీళ్లు పుక్కిలిస్తూ
ఎక్కడ ఉమ్మాలా అని ఆలోచిస్తున్నట్టు.

“రాత్రంత బండి మీద ఉండి పొద్దున పండుకుంటే
ఈ ముసలోడు నిద్రవోనిస్తలేడు” అన్నాడు మా ఆయన.
తర్వాత వారం ఏమీ అనలేదు.
అనకపోవడమే నాకు భయం.

నా ఉద్యోగం చెవులతో.
హన్మకొండలో, మెత్తటి గోడల గదిలో
మనుషులను కూర్చోబెట్టి సన్నటి కూత వినిపిస్తాను,
వినపడితే చెయ్యెత్తమంటాను.
మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డవాళ్లు
వినపడకున్నా మర్యాదకు ఎత్తుతారు.
అలాంటి నాకు ఇంట్లో ఒక పైపు లొంగలేదు.

స్పాంజి కుక్కాను. గంటలో నేలంతా ఉప్పునీళ్లు.
మూత పెట్టాను. మూతే మోగింది.
మోటారు కింద పాత చెప్పు రబ్బరు కోసి పెట్టాను:
వణుకు పోయింది,
గుడగుడ ఇంకా తేటగా వినిపించింది.

చివరికి యాకయ్య వచ్చాడు.
దర్గా దిక్కు బాత్రూములకు పైపులు వేసే మనిషి,
సముద్రం ఎన్నడూ చూడలేదట.
పగడాన్ని కన్నెత్తి చూడలేదు,
పైపుకు చెవి ఆనించాడు.
“నీళ్లకేం రోగం లేదమ్మా. నీళ్లెంబడి గాలి దిగుతున్నది.
ఒక్క గొంతుల ఇద్దరు మాట్లాడితే లొల్లే గద.”

గేటు వాల్వు తిప్పాడు. వెంట్రుకవాసి.
ఆగి చూశాడు. మళ్లీ వెంట్రుకవాసి.
నీటిమట్టం లేచి పైపు నోరు కప్పేసింది.
గాలికి చోటు లేక
నీళ్లు నిండుగా, తాడులా దిగాయి.
కింది కొసను తొట్టి నీళ్లలో బొటనవేలంత ముంచాడు.

గది చెవులు రిక్కించింది.
గడియారం. ఫ్యాన్ రెక్క కిర్రు.
ఆ తర్వాత, రాతి సందులోంచి, టక్.
మళ్లీ టక్.
రొయ్య చిటిక వేస్తోంది.
ఎన్నాళ్ల నుంచి వేస్తోందో.

పక్కనే, ఒక అంగుళం ఎత్తున, ఇంకో పైపు. ఖాళీది.
“దీని నోరు కూడా మూయించు యాకయ్యా.”
“వద్దమ్మా. అది ఆపతికి.
మొదటిదాంట్ల ఏదన్న అడ్డం వడితే నీళ్లు ఇండ్ల వడ్తయి.
అప్పుడు ఇది ఒర్రాలె.
ఒర్రకుంటే నీకెట్ల తెలుస్తది?”
ఐదు వందలు జేబులో పెట్టుకుని
తడి వేలు నాలుకకు తాకించుకున్నాడు.
“నిజంగనే ఉప్పు” అంటూ మెట్లు దిగాడు.

పందొమ్మిది రోజులు నిశ్శబ్దం.
ఇరవయ్యో రాత్రి, మా ఆయనకు డ్యూటీ లేని రాత్రి,
మూడింటికి ఆ ఖాళీ పైపు ఒర్రింది.
మొదటి పైపు గొంతులో నత్త.

ఆయన టార్చి పట్టుకుంటే
నేను జడపిన్నుతో నత్తను లాగుతున్నా.
ఇంకా ఒర్రుతూనే ఉంది పైపు.
దాని మీదుగా గొంతు పెంచి
ఆ వారం అనని మాటలన్నీ అన్నాడు,
సముద్రం గురించినవి కొన్నే.

నా మోచేతి దాకా ఉప్పు, పిన్నుకు నత్త.
అయినా
వినపడిందని
చెయ్యెత్తాను.